షెహాబ్ పేరున రొట్టె

దక్షిణ ఈజిప్టులో సొహాగ్ నుంచి గిర్గా వైపు వెళ్ళే మైక్రోబస్సు. గురువారం మిట్టమధ్యాహ్నం. ఆఖరి సీట్లో ఇద్దరు: ఒక హెవీ మెటల్ రాక్ బ్యాండులో గిటార్ వాయించి పాడే నాదిర్, అదే బ్యాండులో డ్రమ్స్ కొట్టే షెహాబ్.

"మళ్ళీ చెప్పు."

"చెప్పాను కదరా."

"ఇంజిన్ చప్పుడులో సరిగ్గా వినపడలేదు. మీ పెద్దమ్మకి నా గురించి ఏం చెప్పావు?"

"నువ్వు... పోయావని."

"ఎక్కడికి పోయానని?"

"పోవడమంటే ఎక్కడికి పోతారు షెహాబ్? పోయావని."

"చచ్చిపోయానని."

"మెల్లగా! జనం వింటున్నారు."

"విననీ. పధ్నాలుగు నెలలుగా చచ్చిపడి ఉన్నాను, ఆ సంగతి నాకే ఇప్పుడు తెలిసింది. కైరోలో ఎందుకు చెప్పలేదు? రైల్లో అన్ని గంటలు నా ఎదురుగా కూర్చుని గుమ్మడి గింజలు నమిలావు, అప్పుడెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నాను. స్టేషను వచ్చినప్పుడల్లా అనుకున్నాను. అస్యూత్ దగ్గర నోటిదాకా వచ్చింది. చూస్తే నువ్వు నిద్రపోతున్నావు."

"లేపాల్సింది."

"నోరు తెరుచుకుని నా భుజం మీద పడి నిద్రపోతున్నావు రా. ఆ ముఖం చూశాక నోరు పెగల్లేదు. సిగ్గేసింది."

"ఎలా చచ్చాను?"

"వదిలెయ్ రా."

"నా చావు నాకు తెలియద్దా? ఎలా చచ్చాను?"

"మైక్రోబస్సు తిరగబడి."

"మైక్రోబస్సా! నాదిర్, పదేళ్ళుగా పాటల్లో ఎన్ని చావులు రాశావు నువ్వు? గొడ్డలి వేట్లు, మంచు తుపాన్లు, పడవలో పడుకోబెట్టి నిప్పంటించి సముద్రంలోకి తోసెయ్యడాలు. అన్ని చావులు నీ దగ్గర పెట్టుకుని నాకు మైక్రోబస్సు ఇచ్చావా?"

"ఇక్కడివాళ్ళు నమ్మేది అదొక్కటే."

"ఏం బాబూ, మీ ఇద్దర్నే. బండిలో కూర్చుని అవేం మాటలు? నోట మంచి మాట రాదా?"

"తప్పయిపోయింది హాజీ గారూ. ఏదో నాటకం గురించి మాట్లాడుకుంటున్నాం."

"నాటకమైనా సరే. డ్రైవరు విన్నాడంటే చెయ్యి వణుకుతుంది. దేవుణ్ణి తలుచుకోండి."

"తలుచుకుంటాం. తలుచుకో షెహాబ్."

"నువ్వు తలుచుకో, నీకే అవసరం. ఇదిగో, ఈ డబ్బా చూశావా? స్టేషన్ బయట క్యూలో నిలబడి కొన్నాను. ఆవిడ చెయ్యి కళ్ళకద్దుకుని, పెద్దమ్మా, మీ గొంతు మా బ్యాండుని నిలబెట్టింది అని చెబుదామని. చచ్చినవాణ్ణి స్వీట్లు పట్టుకుని పరామర్శకి వెళ్తున్నాను."

"అందుకే కదా నిన్ను రావద్దన్నాను."

"టికెట్లు దొరకవన్నావు. ఊళ్ళో కుక్కలున్నాయన్నావు. పెద్దమ్మకి చెవుడన్నావు. ఈ ముక్క తప్ప అన్నీ అన్నావు. ఎందుకు చెప్పావు ఆవిడకి? ఆ ఒక్కటీ చెప్పు."

"శోకం ఊరికే పాడరు రా ఇక్కడ. పాట కాదు అది. మనిషి పోతేనే పాడాలి. ఎవరూ పోకుండా ఇంట్లో శోకం ఎత్తుకుంటే, అది మనిషిని వెతుక్కుంటుందంటారు. నేను మామూలుగానే అడిగాను మొదట. పెద్దమ్మా, రెండు ముక్కలు పాడు, రికార్డు చేసుకుంటా అని. కాలి చెప్పు తీసింది."

"అయితే నిజంగా ఎవరైనా పోయినప్పుడు వెళ్ళాల్సింది."

"నాలుగు రోజులున్నాను."

"ఎందుకు?"

"ఎవరైనా పోతారేమోనని."

"ఛీ."

"కాలవ పక్కన ఒక ముసలాయన మంచం పట్టి ఉన్నాడు. రోజూ వెళ్ళి పలకరించాను. నాలుగో రోజు లేచి కూర్చుని సిగరెట్ అడిగాడు."

"ఇచ్చావా?"

"ఇచ్చాను."

"నువ్వు మనిషివేనా?"

"అదే నేనూ అడుక్కుంటున్నాను, పధ్నాలుగు నెలలుగా."

"సరే, ఆ ముసలాయన పోయాడే అనుకో. సరిపోయేదా నీకు?"

"లేదు. నిజం చెప్పాలంటే, లేదు. పెద్దవాళ్ళు పోతే పాడే శోకం వేరు, అందులో ఒక ఊరట ఉంటుంది. పెళ్ళికాని కుర్రాడు పోతే పాడేది వేరు. వాణ్ణి పెళ్ళికొడుకుని చేస్తారు. గోరింట పెడతారు, గుర్రం ఎక్కిస్తారు, అంతా పాటలోనే. తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి విన్నాను పెద్దమ్మ నోట. వారం రోజులు తిండి సహించలేదు. నాకు అదే కావాలి. అదే."

"అందుకని నన్ను చంపావు."

"బ్యాండులో మిగతావాళ్ళకి పెళ్ళిళ్ళయిపోయాయి."

"నీకు కాలేదుగా?"

"నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను కదరా!"

"దొరికానులే నేను. నా గురించి ఏమేం చెప్పావు?"

"ఆవిడే అడిగింది. ఎత్తు ఎంత, ఏం పని చేసేవాడు, తల్లి ఉందా అని. అవన్నీ తెలిస్తేనే పాటలో పెడతారు. పొడుగరి అన్నాను. చేతులతో బతికేవాడన్నాను. తల్లికి ఒక్కడే అన్నాను. ఫోన్‌లో రికార్డు ఎందుకు రా అంటే, కైరోలో ఆ తల్లికి శోకం పాడేవాళ్ళు లేరు, వినిపిస్తాను అన్నాను."

"మా అమ్మని కూడా వాడుకున్నావు."

"వాడుకున్నాను."

"ఊరి కుర్రాడెవరో పోయాడని కదా నాకు చెప్పావు? నేను నమ్మాను. ఆ ఒక్క పాటకి డ్రమ్స్ ఎలా కట్టానో నీకు తెలుసు. నాలుగేళ్ళు పిక్కలు వాచిపోయేలా వేగం నేర్చుకున్నాను, నార్వే వాళ్ళలా కొట్టాలని. ఆ వేగమంతా పక్కన పెట్టేసి, ఆవిడ అరచెయ్యి మోకాలి మీద పడే చప్పుడు వెనకాలే నడిచాను. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి బిగపట్టాను. రికార్డింగ్ అయ్యాక బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను, ఎవరో ఏమో, పాపం కుర్రాడని. నా చావుకి నేనే డ్రమ్స్ కొట్టాను కదరా!"

"నువ్వు బాత్రూము నుంచి కళ్ళు తుడుచుకుంటూ వచ్చినప్పుడు చెప్పేద్దామనుకున్నాను."

"అస్యూత్‌లో అనుకున్నట్టు."

"అలాగే."

"ఆ ఇంగ్లండు పత్రికవాడు ముందే విని రాసింది చదివావా? మొదటి ఆల్బమ్‌కి జిరాక్స్ కాపీ అన్నాడు, రెండోదానికి అదీ అనలేదు. ఇప్పుడేమో, ఇన్నాళ్ళకి ఈ కుర్రాళ్ళు తమ గురువుల నీడలోంచి బయటికొచ్చారు, వీళ్ళకి సొంత గొంతు వచ్చింది అని రాశాడు. మా అమ్మకి చదివి అర్థం చెప్పాను. పక్కింటివాళ్ళకి కూడా చెప్పుకుంది."

"సొంత గొంతు. మా పెద్దమ్మ గొంతు అది."

"మొత్తం ఆల్బమ్ మారింది రా, అదొక్కటే కాదు."

"ఆ పాటని పట్టుకునే మిగతా ఏడూ మారాయి, నీకూ తెలుసు. అంతకుముందు మనమేంటి? మంచు మొహం చూడనివాళ్ళం మంచు గురించి అరిచాం. తోడేళ్ళ గురించి అరిచాం. కైరోలో మన షుబ్రా వీధుల్లో తోడేలెక్కడిది? స్వీడన్ వాళ్ళు జుట్టు ఎటు ఊపితే అటు ఊపాం."

"నాకు అప్పుడు జుట్టుండేది."

"ఆ జుట్టు కూడా కాపీయే."

"నవ్వించకు. నీ మీద కోపంగా ఉన్నాను. ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పు. నా పేరు ఉందా ఆ రికార్డింగులో?"

"ఉంది. రెండు చోట్ల. కోసేశాను."

"పూర్తిగా? చూసుకున్నావా? మా అమ్మ ప్రతి పాటా వింటుంది, అర్థంకాకపోయినా వింటుంది. అందులో నా పేరు పెట్టి శోకం వినపడిందంటే ఆవిడ గుండె ఆగిపోతుంది. నేను తుమ్మితేనే దిష్టి తీసే మనిషి."

"పూర్తిగా కోశాను. ఒట్టు."

"మరి ఆ మచ్చ ఎవరిది?"

"ఏ మచ్చ?"

"వెయ్యిసార్లు విన్నాను నేను ఆ పాట. కనుబొమ్మ మీద నెలవంక గీసినవాడా అని ఉంది. నాకు లేదు. ఇసుక దారిన పోయినవాడా అని ఉంది. మైక్రోబస్సు తారు రోడ్డు మీద కదా తిరగబడేది?"

"శోకాల్లో అలాంటివి ఉంటాయి. ఎవరు పోయినా అవే మాటలు."

"నువ్వు చెప్పినవన్నీ కొత్తగా పెట్టింది, ఇవి మాత్రం పాతవా?"

"ఏమో రా, నాకేం తెలుసు."

"ఆవిడ పాడటం మానేసి పదకొండేళ్ళయింది, ఆ కుర్రాడికోసమే మళ్ళీ నోరు విప్పింది అని స్టూడియోలో గొప్పగా చెప్పావు. ఎందుకు మానేసింది?"

"గొంతు పాడైందేమో."

"ఆ గొంతా? పాడైందా?"

"వచ్చేస్తోంది ఊరు. అదిగో, ఆ ఒంటి ఖర్జూరపు చెట్టు దాటితే మనం దిగాలి. షెహాబ్, నా మాట విను. నువ్వు కాలవ గట్టు మీద కూర్చో. నేనొక్కణ్ణే వెళ్ళి ఆల్బమ్‌లో పెట్టుకుంటామని అడిగి, సరే అనిపించుకుని వస్తాను. శుక్రవారం విడుదల, అంటే రేపే. ఆల్బమ్ తెస్తున్న జర్మనీ కంపెనీవాళ్ళు ఆవిడ ఒప్పుకుందన్న మాట ఒక్కటే అడుగుతున్నారు."

"కుదరదు. లోపలికి వస్తాను. పెద్దమ్మా, షెహాబ్‌ని నేనే, బతికే ఉన్నాను అంటాను. కాళ్ళు పట్టుకుంటాను, నీ చేత పట్టిస్తాను. అప్పుడు కూడా ఆవిడ సరేనంటే పాట ఉంటుంది. కాదంటే తీసేస్తాం."

"తీసేస్తే మళ్ళీ తోడేళ్ళే."

"తోడేళ్ళే నయం. వాటికి పెద్దమ్మలు ఉండరు."

"నేనే చెబుతాను, షెహాబ్. నా నోటితో. నన్ను చెప్పనీ."

"సరే. నువ్వే చెప్పు. చెప్పకపోతే నేను చెబుతాను. దిగు."

నాదిర్ పెద్దమ్మ తఫీదా ఇల్లు. ముంగిట్లో మట్టి పొయ్యి.

"ఎవురది? నాదిరా! చెప్పా పెట్టకుండా వచ్చినావే. ఇట్ల చిక్కిపోయినావేందిరా, కైరోలో తిండి దొరకదా? ఈ అబ్బాయి ఎవురు?"

"పెద్దమ్మా, ఇతను... ఇతనూ..."

"చెప్పు రా. నన్ను చెప్పమంటావా?"

"యాసీన్! యాసీన్ అని, పెద్దమ్మా. మా బ్యాండువాడే."

"మంచి పేరు. రా నాయనా యాసీనూ. చేతిలో డబ్బా ఏంది, తీపా? నాకు పళ్ళే లేవు గదప్పా."

"పెద్దమ్మా, నా పేరు యాసీన్ కాదు. నేను..."

"కూచో ముందు, ఎండన పడి వచ్చినావు. ఇదో, రొట్టె. ఇప్పుడే పొయ్యిలోంచి తీసినా. తినే ముందర ఒక్క మాట అనల్ల. అల్లా షెహాబ్‌ను కరుణించుగాక, అను."

"ఎవర్ని?"

"మీ నేస్తాన్నే! బస్సు తిరగబడి పోయినాడే పాపం, ఆ బిడ్డను. గురువారం గురువారం ఇరవై రొట్టెలు కాలుస్తా వాని పేరున. కొన్ని గోరీల కాడ పంచుతా, కొన్ని దోవన పోయేవాళ్ళకు. పధ్నాలుగు నెలలాయె, ఒక్క వారం తప్పలే. జొరం వచ్చిన వారం గూడా లేచి పిండి కలిపినా."

"నాదిర్."

"తిను రా. నీకు పుణ్యం ఉంటుంది, తిను."

"అను నాయనా. నోరు రాలేదా? నేస్తం గదా. మెల్లగా అను."

"అల్లా... అల్లా షెహాబ్‌ను కరుణించుగాక."

"ఆఁ. ఇంగ తిను. ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది పెద్దమ్మా."

"ఎందుకప్పా కళ్ళు తడి చేసుకుంటావు? మంచోడా వాడు?"

"మామూలువాడే. గొప్పవాడేం కాదు."

"పోయినోణ్ణి అట్ల అనగూడదు. ఒరే నాదిరూ, వాళ్ళమ్మ ఎట్లుండాది? నేను పాడింది వినిపించినావా?"

"ఆఁ... వినిపించాను పెద్దమ్మా."

"ఎప్పుడు వినిపించావు రా?"

"యాసీన్, నువ్వు రొట్టె తిను."

"వాణ్ణెందుకు కసురుకుంటావు? ఏమనింది ఆ తల్లి?"

"ఏడ్చింది."

"ఏడవల్ల. ఏడిస్తేనే మేలు. ఏడ్చే దారి లేకపోతే అది లోపలే..."

"పెద్దమ్మా, ఆపండి. మీకొక నిజం చెప్పాలి. చెబుతానని ఒట్టేసి వచ్చినవాడు చెప్పేలా లేడు. ఆ శోకం..."

"ఆ శోకం మా ఆల్బమ్‌లో పెట్టాం పెద్దమ్మా! అదే చెబుదామని వచ్చాం."

"పెట్టడమంటే ఏందిరా?"

"మా పాటలో కలిపాం. నీ గొంతు, మా వాయిద్యాలు. రేపు విడుదల. నిన్ను ముందే అడగాల్సింది. అడగలేదు. తప్పు నాదే."

"శోకాన్ని పాటలో కలిపినారా? వాయిద్యాలతోనా? ఆ తల్లికనే గదా నువ్వు తీస్కపోయింది."

"తిట్టు పెద్దమ్మా. చెప్పుతో కొట్టు."

"తర్వాత కొడతాలే. ముందర వినిపించు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఫోను ఉండాది గదా జేబులో. ఎప్పుడూ ఉంటుంది నీ జేబులో."

"వినిపించు రా. ఆవిడ గొంతు ఆవిడకి వినిపించడానికి ఏడుపెందుకు?"

"ఇదిగో... మొదట్లో గిటార్ ఉంటుంది పెద్దమ్మా, కొంచెం గట్టిగా."

"ఇదేంది, పిండిమర తిరిగినట్టుండాది. ఆ అరిచేది ఎవురు?"

"నేనే."

"కడుపునొప్పా?"

"కాదు పెద్దమ్మా, మా పాటల్లో అలా పాడతాం."

"ఉష్. వచ్చినా. నేను వచ్చినా... అబ్బా, ఈ ముసలి గొంతు నాదేనా? ... ఆ తట్టేది ఎవురు?"

"యాసీన్."

"నా చెయ్యి వెంబడే వస్తాండాడు. నేను ఆగితే ఆగుతాండాడు. బాగా తట్టినావప్పా. ఎవురినో పోగొట్టుకున్నోడు తట్టినట్టు తట్టినావు. ... ఆగు. ఆపు దాన్ని. వాని పేరు యాడ?"

"ఏ పేరు పెద్దమ్మా?"

"షెహాబ్ పేరు! పెళ్ళికొడుకా షెహాబూ, గోరింట తడి ఆరలేదే అని పాడినా గదా. పేరు కాడ ఊపిరి మింగినట్టుండాది. రెండో తావున గూడా లే."

"తీసేశాం. వాళ్ళమ్మ వింటే బాధపడుతుందని."

"వాళ్ళమ్మ ఒకసారి వినింది అంటివి గదా ఇప్పుడే? ... సరే. ఈ పాట యా యా ఊర్లలో వింటారు?"

"ఎక్కడైనా వినొచ్చు పెద్దమ్మా. ఫోన్లో వస్తుంది. ఏ దేశంలో ఉన్నా."

"లిబియాలో గూడానా?"

"పెద్దమ్మా..."

"అడుగుతాండా గదా. లిబియాలో గూడానా?"

"లిబియాలో కూడా."

"అట్లయితే పేరు పెట్టండి. మళ్ళీ అతికించండి, రెండు తావుల్లోనూ. పేరు పెడితే మీరు ఈ పాట ఏమన్నా చేసుకోండి, పిండిమరలో వేసుకోండి, నేను వద్దనను. పేరు లేకుండా మాత్రం బయటికి పోగూడదు."

"ఎందుకు పెద్దమ్మా? పేరుంటే ఏమిటి, లేకపోతే ఏమిటి?"

"నువ్వు కొత్తోడివి, నీకు తెలీదు నాయనా. పేరు లేకపోతే ఖలాఫ్ వింటాడు. విని, మా యమ్మ నన్నే ఏడుస్తాండాది, నేను సచ్చినాననుకుంది అనుకుంటాడు. ఇంగ ఇంటికి రాడు."

"ఖలాఫ్ ఎవరు?"

"వీడు చెప్పలేదా? నా కొడుకు. వీడూ వాడూ ఒకే మంచంలో పండుకున్నోళ్ళు. చెప్పలేదా రా?"

"లేదు పెద్దమ్మా."

"లిబియాకు పోయినాడు నాయనా, ఇండ్లు కట్టే పనికి. పదకొండేండ్లాయె. నాలుగు నెలలు ఫోను చేసినాడు, ఐదో నెల లే. ఊర్లో పెద్దమనుషులు వచ్చినారు, పోయింటాడు తల్లీ, పరామర్శకు డేరా వేద్దాం, నల్లబట్ట కట్టుకో అన్నారు. పొండి అన్నా. పీనుగను చూపించండి, అప్పుడు కట్టుకుంటా అన్నా. ఆ పొద్దుట్నుంచి నేను ఎవురి ఇంటికీ శోకం పాడను పోలే. అక్క పోయినా పోలే. నోరు తెరిస్తే యాడ వాని పేరు జారుతుందో అని భయం. నేను ఏడవనంత కాలం వాడు బతికుంటాడు. అంతే నాకు తెలిసింది."

"నాదిర్. నీకు తెలుసా ఇదంతా?"

"తెలుసు."

"మైక్రోబస్సులో అడిగాను నిన్ను. గొంతు పాడైందన్నావు."

"నీకు చెప్పడానికి ముఖం చెల్లలేదు రా."

"తెలిసీ ఆవిడ చేత..."

"తెలిసీ."

"వాణ్ణి తిట్టొద్దు యాసీనూ. తప్పు చేసింది నేను. వీడు వచ్చి, మా షెహాబ్ పోయినాడు పెద్దమ్మా, వాళ్ళమ్మకు ఏడ్చే దిక్కు లేదు అన్యాడు. నా గుండె పదకొండేండ్లుగా గట్టిపడి ఉండాది. సరే, పరాయి బిడ్డ గదా అని ఎత్తుకున్నా. మీ వాని పేరు పలికినా. రెండోసారి గూడా పలికినా. ఆ తర్వాత... నీకు చెప్తాండా, వీనికి గూడా చెప్పలే... నా కండ్ల ముందర మీ షెహాబ్ లేడు. నేనెప్పుడన్నా చూసింటే గదా వాణ్ణి? నా ఖలాఫే నిలబడినాడు."

"కనుబొమ్మ మీద నెలవంక."

"చిన్నప్పుడు కొడవలి తగిలిందప్పా, గడ్డి కోస్తా. నీకెట్ల తెలుసు?"

"పాటలో ఉంది పెద్దమ్మా. వెయ్యిసార్లు విన్నాను."

"ఉండాది. ఇసుక దోవ గూడా ఉండాది. చూడు, ఎంత సిగ్గులేని పని చేసినానో. సచ్చినోని పేరు నోట్లో పెట్టుకుని, వాని పీనుగను అడ్డం పెట్టుకుని, దాని వెనకాల దాక్కుని నా బిడ్డకు ఏడ్చినా. ఒక తల్లికి పంపాల్సిన ఏడుపు నేను దొంగలించినా. అందుకే ఈ రొట్టెలు. గురువారం గురువారం వాణ్ణి బతిమాలుకుంటా. షెహాబూ, నన్ను మన్నించు నాయనా, నీ శోకంలో సగం తినేసినా అని."

"పెద్దమ్మా, మీరు సిగ్గుపడకండి. మీరు కాదు సిగ్గుపడాల్సింది."

"పడకుండా ఎట్ల? అయినా ఒక ధైర్యం ఉండాది నాకు. శోకానికి పీనుగ కావల్ల. పీనుగ ఉంటే దాని మిందనే వాలుతుంది, బతికినోళ్ళ జోలికి పోదు. మీ షెహాబ్ ఉండాడు గదా ముందర, వాని మింద వాలింటుంది, నా ఖలాఫ్ దాకా పోయిండదు అనుకుంటా. పండుకునేటప్పుడు అదే చెప్పుకుంటా. వాడు లేకపోయింటే, నా నోటితో నేనే నా బిడ్డను..."

"పెద్దమ్మా, ఇక నా వల్ల కాదు. నన్ను కొట్టు, ఏమైనా చెయ్యి. పధ్నాలుగు నెలలుగా నీకు ముఖం చూపించలేక తిరుగుతున్నాను. నేను నీకు ఆ రోజు చెప్పింది..."

"నాదిర్, నోరు ముయ్యి."

"చెప్పాలి రా. చెప్పమని నువ్వే కదా దారి పొడుగునా..."

"ముయ్యమన్నానా!"

"ఏందప్పా అది? ఏందిరా నాదిరూ? నీ ముఖం అట్లయిందేమి? ఆ పొద్దు గూడా ఇట్లనే నేల చూసుకుంటా చెప్పినావు, నాకు అప్పుడే ఏదో అనిపించింది. ఆ తల్లి వినింది అంటావు, వింటే బాధపడుతుంది అంటావు. వద్దు, నువ్వు చెప్పొద్దు. నీ మాట నేను నమ్మను, చిన్నప్పట్నుంచీ నీ నోట అబద్ధమే. యాసీనూ, నువ్వు చెప్పు. నా కండ్లలోకి చూసి చెప్పు నాయనా. ఆ షెహాబ్ నిజంగా పోయినాడా? నువ్వు చూసినావా?"

"చూశాను పెద్దమ్మా. నా భుజం మీదే మోశాను. పాటలో వాడి పేరు నేనే పెట్టిస్తాను."